ఆకాశయుద్ధమున రథాతిరథసంఖ్య

భారతకథ నెఱిగిన పెద్దలకు ఉద్యోగపర్వమున భీష్ముడు చేసిన రథాతిరథసంఖ్య జ్ఞప్తియందుండును. ఎవడు రథి, ఎవడతిరథుడని దుర్యోధనుడడుగగా పితామహుడొక్కొక్కరిని తూచి చెప్పెను. కర్ణుని వంతు వచ్చినప్పుడు అర్ధరథుడనెను. దానివలన ఎంత గగ్గోలు పుట్టెనో మీరెఱుగుదురు. అయితే భీష్ముడు కర్ణుని చేత కూలినవారి నెంచి ఆ మాట యనలేదు. కవచకుండలములు పోయినవి, గురుశాపమున్నది, అని వీరుని స్థితిగతులను జూచి తూచెను.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాసంగ్రామమున ఫ్రాన్సు దేశపు టాకాశమున పోరిన వైమానికులను గూర్చి చదువునపుడెల్ల నాకా ఘట్టమే తలపునకు వచ్చును. వారికి లోకము పట్టిన తూనిక యొక్కటే: కూల్చిన విమానముల సంఖ్య. జర్మను వీరుడు మాన్‌ఫ్రెడ్ రిఖ్తోఫెను 80 కూల్చెను గనుక అందఱికంటె మిన్న యందురు.

నేను బడిపంతులనై యేండ్లతరబడి పరీక్షపత్రములు దిద్దినవాడను. ప్రశ్నలు వేఱైనచో మార్కులు పోల్చరాదు. ఇచట దిద్దువారును వేఱే. ఆంగ్లేయుల లెక్కలో శత్రువిమానము నేల గూలుట కంట బడనక్కఱలేదు. పట్టు తప్పి గిరగిర తిరుగుచు దిగిపోయినచో నదియు విజయమే. ఇరువురు కలిసి కూల్చినది ఇరువురి పేరనుం జేరుచుండెను. జర్మనులు ఒక విమానము నొక్కనికే వ్రాసిరి. సాక్ష్యము గట్టిగ నడిగిరి. అట్లడుగుట వారికి సులభము. ఏలయన వారు చాలవఱకు తమ సేన యాక్రమించిన భూమిమీదనే పోరిరి. కూలినది వారి ముంగిటనే పడును. పైగా నచట గాలి తఱచుగ పడమటినుండి తూర్పునకు వీచును. పోరుచున్న విమానములు కొట్టుకొనిపోయి జర్మనుల వైపే చేరును. ఆంగ్లేయుడు తన నెలవు చేరవలెనన్న ఎదురుగాలికి పోవలెను.

1916 నవంబరు 23న ఆంగ్లవీరుడు లానో హాకరునకు నదియే సంభవించెను. హాకరు విమానము చిన్నది, చుఱుకుగ మలుపు తిరుగును. దానికి తుపాకి యొక్కటే. రిఖ్తోఫెను విమానమునకు రెండు తుపాకులు, వేగ మధికము, పైకెక్కు బలము నధికము. ఇరువురును ఒకరి వెనుక నొకరు చేరజూచుచు, చక్రమువలె తిరుగుచు, అంతకంతకు నేలకు దిగిరి. గాలి వారిని తూర్పునకు నెట్టుచుండెను. పెట్రోలు తగ్గగా హాకరు వెనుదిరుగక తప్పినది కాదు. అపుడు తలకు గుండు తగిలి కూలెను. హాకరు పేర ఏడు విజయములే. అయినను ఆనాటి పోరున నేర్పు తక్కువైనవాడు హాకరని నేననజాలను.

నన్నడిగినచో రిఖ్తోఫెను గురువైన ఓస్వాల్డు బోల్కెకు పెద్దపీట వేయుదును. ఉపాధ్యాయుడను గాన నాకీ పక్షపాతము సహజమేమో! అతడు 1916లో యువకులకు ఎనిమిది సూత్రములు చెప్పెను. సూర్యుని వీపున నుంచుకొని పైబడుము. మిక్కిలి చేరువకు వచ్చినగాని కాల్పకుము. శత్రువు పైబడినచో పాఱక ఎదురు తిరుగుము. పరభూమిపై నున్నప్పుడు తిరుగుదారి మఱవకుము. ఇరువురొక్క శత్రువునే తఱుమవలదు. బోల్కె 40 విజయములు గాంచి, ఆ యేటి అక్టోబరు 28న, ఒక శత్రువును తఱుముచున్న తరుణమున తన తోడివాని విమానము తాకి మరణించెను. శిష్యుడును గురువాక్యము దప్పినదినముననే పోయెను. 1918 ఏప్రిలు 21న ఒకని వెంటదగిలి, శత్రుభూమిపై బహు తక్కువ ఎత్తున బోయి గుండుదెబ్బ తినెను. ఆ గుండు నేలమీది ఆస్ట్రేలియా సైనికులదని నేటి చరిత్రకారులలో పెక్కురి మతము.

ఆ యాకాశముననే మన దేశపు బాలుడొకడు పోరెను. 1898లో కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్. 1917 డిసెంబరున విమానము కూలి గాయపడగా వైద్యులతనిని తగడనిరి. పట్టుబట్టి మరల యుద్ధమునకు వచ్చెను. 1918 జులైలో రెండు వారములైన నిండకమునుపే పది విజయములు గాంచి, 22వ తేదీన కూలెను. వయస్సు 19. ఇంతసేపు నే బట్టిన తూనికలో బెట్టినచో, ఆ పదింట సగము పట్టు తప్పి దిగిపోయినవి. రెండు ఇతరులతో పంచుకొన్నవి. జర్మనుల పద్ధతిని దిద్దినచో లెక్క తగ్గును. తగ్గింపవలెననియే కాగితము ముందిడుకొని కూర్చుంటిని. నా చేయి రాలేదు.