రౌటర్ లాగిన్ పేజీలో భద్రతా హెచ్చరికలు

వైఫై పాస్‌వర్డు మార్చుకోవడానికో, కొత్త కనెక్షన్ వివరాలు ఎక్కించడానికో బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే, చాలా ఇళ్లలో రౌటర్ పేజీతో పాటు ఒక హెచ్చరిక కూడా ఎదురవుతుంది. ఇది రెండు రకాలుగా ఉంటుంది. పేజీ మామూలు హెచ్‌టీటీపీలో తెరుచుకుంటే అడ్రస్ పక్కన "నాట్ సెక్యూర్" అన్న చిన్న మాట కనిపిస్తుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో తెరుచుకున్నా, రౌటర్ తన గుర్తింపుగా చూపిన సర్టిఫికెట్ బ్రౌజర్‌కు నమ్మకం కలిగించకపోతే, తెరంతా నింపేస్తూ "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అనే పేజీ వస్తుంది. జనం ఎక్కువగా భయపడేది ఈ రెండో దానికే. అయితే మొదటి దానిలో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా వెళ్తుంది, రెండో దానిలో ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. అవతల ఉన్నది మన రౌటరేనా అన్నది మాత్రం బ్రౌజర్ తేల్చుకోలేదు. ప్రమాదం తక్కువగా ఉన్నచోటే పెద్ద హెచ్చరిక రావడానికి మూడు దశాబ్దాల నేపథ్యం ఉంది.

అందరి ఇళ్లకూ ఒకటే చిరునామా

ఇంటర్నెట్ చిరునామాలు చాలకుండా పోతాయన్న భయంతో 1996 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు చిరునామా శ్రేణులను ప్రైవేటు వాడకానికి విడిచిపెట్టింది. 192.168తో మొదలయ్యేవి వాటిలో ఒకటి. ఎవరి ఇంట్లో వాళ్లు వీటిని అనుమతి లేకుండా వాడుకోవచ్చు, బయటి ఇంటర్నెట్‌లో ఇవి చెల్లవు. ఏర్పాటు చక్కగా పనిచేసింది. అయితే వెబ్ భద్రత మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధమైన పునాది మీద నిలబడింది. 1995లో బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్ తెచ్చిన ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి, దాని తర్వాత 1999లో వచ్చిన టీఎల్ఎస్ రెండింటిలోనూ, ఒక పేరు ప్రపంచంలో ఒక్కరిదేనని మూడో పక్షమైన సర్టిఫికెట్ సంస్థ ధ్రువీకరించాలి. 192.168.1.1 ఎవరిదని ఆ సంస్థ ధ్రువీకరించాలి? ఊరి పేరు లేకుండా "రామాలయం వీధి, మొదటి ఇల్లు" అని రాసిన ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ ఎక్కడ ఇవ్వగలడు?

కొన్నాళ్లు సర్టిఫికెట్ సంస్థలు ఇలాంటి చిరునామాలకు కూడా సర్టిఫికెట్లు ఇచ్చాయి. ఒకే చిరునామాకు ఇద్దరి దగ్గర సర్టిఫికెట్ ఉంటే ఒకరు మరొకరిలా నటించే వీలుంటుంది. అందుకే బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి నడిపే సీఏ/బ్రౌజర్ ఫోరం, గడువు 2015 నవంబర్ 1 దాటేలా అలాంటివి ఇవ్వకూడదనీ, మిగిలిపోయిన వాటిని 2016 అక్టోబర్ 1 నుంచి రద్దు చేయాలనీ నిబంధన పెట్టింది. నిర్ణయం సరైనదే. దానితో ఇంటి రౌటర్‌కు ప్రైవేటు చిరునామా మీద అందరూ ఒప్పుకునే సర్టిఫికెట్ దొరికే దారి మూసుకుపోయింది.

హెచ్చరిక లేని కాలం

2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ వంటి పెట్టెలతో వైర్‌లెస్ రౌటర్ సామాన్య గృహోపకరణమైంది. లాగిన్ అంటే అప్పట్లో బ్రౌజర్ తెరిచే ఒక చిన్న బూడిద రంగు పెట్టె, అందులో రెండు గళ్లు. పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉన్న "అడ్మిన్", "అడ్మిన్" కొడితే పని అయిపోయేది. ఆ పాస్‌వర్డును బేసిక్ ఆథెంటికేషన్ అనే పద్ధతిలో అక్షరాలు మార్చి పంపేవారు. అది ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పి చదవగలరు. చాలామంది వైఫైకి తాళం కూడా వేసుకోని రోజులవి. బ్రౌజర్ మాత్రం ఒక్క మాట అనేది కాదు.

దాడి వచ్చిన దారి

2006 డిసెంబర్‌లో ఇండియానా యూనివర్సిటీకి, భద్రతా సంస్థ సిమాంటెక్‌కు చెందిన పరిశోధకులు ఒక దాడి పద్ధతిని వివరించారు. దానికి గాలిలో పాస్‌వర్డు దొంగిలించాల్సిన అవసరమే లేదు. బాధితుడు ఒక వెబ్ పేజీ తెరిస్తే చాలు. అందులోని కోడ్ అతని బ్రౌజర్ నుంచే రౌటర్‌తో మాట్లాడి, డీఫాల్ట్ పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సెట్టింగు మార్చేస్తుంది. అప్పటి నుంచి బ్యాంకు పేరు కొట్టినా దొంగ సర్వర్ తెరుచుకుంటుంది. 2008 జనవరిలో మెక్సికోలో ఇలాంటి దాడి నిజంగానే జరిగింది. ఈమెయిల్‌లో శుభాకాంక్షల కార్డు పంపి, దాని ద్వారా రౌటర్లను మార్చి, బ్యాంకు ఖాతాదారులను దారి మళ్లించారు. బ్రెజిల్‌లో 2011లో మొదలైన దాడిలో సుమారు 45 లక్షల డీఎస్ఎల్ మోడెములు చిక్కాయి. మన దేశంలో 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ మోడెములు వేల సంఖ్యలో మాల్‌వేర్ బారిన పడినప్పుడు, డీఫాల్ట్ పాస్‌వర్డు మార్చుకోవాలని ఆ సంస్థ వినియోగదారులను కోరింది.

వీటిలో ఏ దాడినీ ఈ రెండు హెచ్చరికలు ఆపగలిగేవి కావు. హెచ్చరిక చెప్పేది దారిలో పాస్‌వర్డు ఎవరైనా వింటారేమోనని. ఇళ్లను ముంచింది మాత్రం ఎవరూ మార్చని పాస్‌వర్డు, మరమ్మతు చేయని సాఫ్ట్‌వేర్.

సొంత సంతకాల సర్టిఫికెట్లు

తయారీదారులు కొందరు హెచ్‌టీటీపీఎస్ పెట్టి, సర్టిఫికెట్ మీద రౌటర్ చేతే సంతకం చేయించారు. సరిగ్గా అప్పుడే బ్రౌజర్లు కఠినమయ్యాయి. 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7, 2008లో ఫైర్‌ఫాక్స్ 3 పాత చిన్న డైలాగ్ పెట్టెల స్థానంలో పూర్తి పేజీ హెచ్చరిక తెచ్చాయి. అలాంటి పేజీలో "వివరాలు" నొక్కి చూస్తే, జారీ చేసినవారి పేరూ, పొందినవారి పేరూ ఒకటే ఉంటాయి. గడియారానికి బ్యాటరీ లేని కొన్ని రౌటర్లలో జారీ తేదీ 1970 జనవరి 1 అని కూడా కనిపిస్తుంది, ఎందుకంటే కరెంటు వచ్చిన క్షణంలో వాటికి తెలిసిన తేదీ అదొక్కటే.

ఎన్‌క్రిప్షన్‌కు వాడే తాళం చెవుల (కీల) సంగతి ఇంకా దారుణం. 2012లో రెండు పరిశోధక బృందాలు ఇంటర్నెట్ అంతా గాలించి, లెక్కలేనన్ని రౌటర్లు, చిన్న పరికరాలు ఒకే తాళం చెవులను పంచుకుంటున్నాయని తేల్చాయి. అప్పుడే ఆన్ అయిన పెట్టెకు తగినంత యాదృచ్ఛికత దొరక్కపోవడం ఒక కారణం. 2015 నవంబర్‌లో సెక్ కన్సల్ట్ అనే ఆస్ట్రియా సంస్థ నాలుగు వేలకు పైగా పరికరాల లోపలి సాఫ్ట్‌వేర్‌ను (ఫర్మ్‌వేర్‌ను) విప్పిచూసి, 580కి పైగా రహస్య తాళం చెవులను బయటపెట్టింది. ఒక మోడల్ కొన్నవాళ్లందరి దగ్గరా ఒకే చెవి ఉంటే దాన్ని రహస్యమని ఎలా అంటాం? బ్రౌజర్ హెచ్చరించడం ఇక్కడ నూటికి నూరుపాళ్లు న్యాయం.

2013లో వెలువడిన ఒక అధ్యయనం రెండున్నర కోట్లకు పైగా బ్రౌజర్ హెచ్చరికలకు జనం ఎలా స్పందించారో పరిశీలించింది. సర్టిఫికెట్ హెచ్చరికలను దాటి ముందుకెళ్లినవి క్రోమ్‌లో 70 శాతం, ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. సొంత రౌటర్ దగ్గర "అడ్వాన్స్‌డ్" నొక్కి, కింద ఉన్న చిన్న లింకుతో ముందుకెళ్లడం నేర్చిన చెయ్యి, బ్యాంకు సైట్ దగ్గరా అదే చేస్తుంది. ఈ అలవాటు నేర్పిన తప్పు వినియోగదారులది కాదు. వాళ్లకు ఇంకో దారి లేకుండా చేసిన పరిశ్రమది.

2017 తర్వాత

2017 జనవరిలో క్రోమ్ 56, ఫైర్‌ఫాక్స్ 51 పాస్‌వర్డు గడి ఉన్న హెచ్‌టీటీపీ పేజీలను వేలెత్తి చూపడం మొదలుపెట్టాయి. మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఆ గడి కిందే హెచ్చరిక వేలాడదీసింది. 2018 జూలైలో క్రోమ్ 68 హెచ్‌టీటీపీ పేజీలన్నిటికీ "నాట్ సెక్యూర్" ముద్ర వేసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్లతో బయటి వెబ్‌సైట్లు గట్టెక్కాయి. రౌటర్ పేజీలు ఉన్నచోటే ఉండిపోయాయి.

అంకెల చిరునామాకు బదులు ఒక పేరు పెట్టి గట్టెక్కాలని చూసినవారూ ఉన్నారు. టీపీ-లింక్ అలా వాడిన ఒక డొమైన్‌ను రెన్యువల్ చేయడం మరిచిపోవడంతో అది పరాయి చేతుల్లోకి వెళ్లిందని 2016లో బయటపడింది. నెట్‌గేర్ తన లాగిన్ డొమైన్‌కు అసలైన సర్టిఫికెట్ తీసుకుంది. దాని రహస్య తాళం చెవి ఎవరైనా దించుకోగల ఫర్మ్‌వేర్‌లోనే ఉందని 2020 జనవరిలో పరిశోధకులు చూపించారు. జర్మనీకి చెందిన ఏవీఎం కంపెనీ ఫ్రిట్జ్‌బాక్స్‌లో ఎంచుకున్న పద్ధతి నయం. యజమాని కోరుకుంటే ఆ పెట్టెకు వేరే పేరు ఇచ్చి, దానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తెప్పిస్తుంది. పేరు ఒక్కరిదే కాబట్టి చిక్కు విడిపోతుంది.

పాస్‌వర్డు విషయంలో చట్టాలే కదిలాయి. ప్రతి పరికరానికీ వేరే పాస్‌వర్డు ఉండాలని, లేదా మొదటిసారి వాడేముందే మార్పించాలని కాలిఫోర్నియా చట్టం 2020 జనవరి 1 నుంచి చెబుతోంది. అందరికీ ఒకటే డీఫాల్ట్ పాస్‌వర్డు ఇవ్వడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది.

2025 అక్టోబర్‌లో వచ్చిన క్రోమ్ 142, బయటి వెబ్‌సైటు ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరంతో మాట్లాడబోతే ముందుగా యజమాని అనుమతి అడుగుతుంది. 2006లో వివరించిన దాడికి బ్రౌజర్ నేరుగా అడ్డం పడటం ఇది. అదే నెలలో గూగుల్, 2026లో హెచ్‌టీటీపీ సైట్లకు వెళ్లేముందు అనుమతి అడిగే ఏర్పాటును డీఫాల్ట్‌గా పెడతామని ప్రకటిస్తూ, 192.168 వంటి ప్రైవేటు చిరునామాలను దాని నుంచి మినహాయించింది.