చెవితో గుర్తించిన పక్షి



దసరా దినములలో మన మామిడితోపులకు ఒక చిన్నపక్షి వచ్చును. పిచ్చుకకంటెను చిన్నది. వీపు ఆకువన్నె, కనుబొమవలె తెల్లని చార. ఆకులలో కలిసిపోవుటచే కంటికి చిక్కదు. సన్నని కూతచేతనే తెలియును. ఇది వేసవిలో ఎచ్చటికి పోవునని చిన్నతనమున మా తాతగారి నడిగితిని. "చైత్రము దాటిన పిమ్మట దీని కూత వినబడదు. అంతవఱకే నే నెఱుగుదును" అనిరి. ఆ మాట విలువ నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

ఈ పక్షికి దాయాదులు ఐరోపాలో కలవు. వాని చరిత్రమును ఒక పల్లెవాసియే మార్చెను. ఇంగ్లండు దక్షిణభాగమున సెల్బోర్ను అను గ్రామము కలదు. గిల్బర్టు వైటు అను క్రైస్తవ పురోహితుడు 1720లో అచ్చట జన్మించి, 1793లో అచ్చటనే గతించెను. ఆ కాలమున పలువురు పండితులు ఈ పక్షుల నన్నిటిని ఒకే జాతిగా నెంచుచుండిరి. వైటు చెట్లక్రింద నిలిచి ఓపికతో వినెను. ఒకటి రెండు స్వరములనే మరల మరల పలుకును. రెండవదాని పాట మెట్లు దిగినట్లు క్రిందికి జారును. మూడవది అడవిపక్షి, ఎత్తైన బీచి చెట్ల కొనలయందు రెక్కలు వణకించుచు, రాతిపై గిరగిర తిరుగు నాణెమువలె మ్రోగును. ఇవి మూడు వేర్వేరు జాతులని ఆయన 1768 ఆగస్టులో పెన్నెంటు అను పండితునకు లేఖ వ్రాసెను. ఆ లేఖలు 1789లో గ్రంథముగా వెలువడెను.

ఆ మూడవపక్షి తులము బరువైనను తూగదు. నేలపై ఎండుటాకుల నడుమ గుమ్మటమువంటి గూడు కట్టి, శరత్కాలమున సముద్రమును, సహారా యెడారిని దాటి, ఆఫ్రికా అడవులకు పోవును. వైటునకు ఇది తెలియదు. వానకోయిలలలో కొన్ని శీతకాలమున దేశమును విడువక ఎచ్చటనో దాగి నిద్రించునేమో యని సైత మాయన అనుమానించెను.

ఆ సందేహమును తీర్చినది చిన్న లోహపుటుంగరము. 1899లో డెన్మార్కు ఉపాధ్యాయుడు మోర్టెన్సెను పక్షుల కాళ్లకు అంకెలు గల ఉంగరములు తొడుగ నారంభించెను. 1911లో ఇంగ్లండున ఉంగరము తొడిగిన వానకోయిల యొకటి 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నేటాలున ఒక రైతు ఇంట దొరకెను. ఉంగరముపై గల విలాసమును బట్టి వేరొకరు లండనునకు ఉత్తరము వ్రాసిరి. వ్రాయకున్నచో ఆ ప్రయాణము ఎవరికిని తెలియకుండెడిది.

నేడు బ్రిటనులో ఆ అడవిపక్షి బహుగా తగ్గినది. 2009లో దానిని మిక్కిలి ఆపదలో నున్న పక్షుల పట్టికలో చేర్చిరి. తగ్గినదని తెలియుటకు మునుపటి లెక్కలు వ్రాసియుండుటయే కారణము.

మన తోపులోని పక్షి హిమాలయములు మొదలు సైబీరియా వఱకు గల అడవులలో గూడు కట్టునని నే నిపుడెఱుగుదును. కాని మా యూరికి అది ఏయేటి కేనాడు వచ్చినదో తాతగారు ఎఱిగియుండిరి. ఆ లెక్క ఆయనతోనే పోయినది. మేము వ్రాసికొనలేదు. మీ రెఱిగినదానిని మీ మనుమలచేత నైనను వ్రాయింపుడు.