చేటు, నష్టం, ఖరాబు: సూర్యాపేట సీమలో మూడు మాటల పుట్టుపూర్వోత్తరాలు

హానిని తెలిపే అచ్చతెనుగు మాటల్లో పాతదైన ‘చేటు’ ‘చెడు’ ధాతువు నుంచి పుట్టింది. ‘పడు’ నుంచి ‘పాటు’ ఏర్పడినట్లే, తొలి అచ్చు దీర్ఘమై, డకారం టకారమై ఈ నామవాచకం ఏర్పడింది. తమిళ, కన్నడాల్లో ఇదే ధాతువు ‘కెడు’గా నిలిచి ఉండగా, ఇ, ఎ అచ్చుల ముందున్న కకారాన్ని తెలుగు చకారంగా మార్చుకుంది. తాలవ్యీకరణమనే ఈ మార్పువల్లనే కన్నడ ‘కివి’కి తెలుగులో ‘చెవి’, తమిళ ‘కిళి’కి ‘చిలుక’ సాటి వస్తాయి. ఒకరిని చెడేటట్లు చేయడం ‘చెరుపు’ కాగా, ‘చెరపకురా చెడేవు’ అన్న సామెతలో ఆ రెండు రూపాలూ పక్కపక్కనే వినిపిస్తాయి.

సంస్కృతంలో నశించిపోవడాన్ని తెలిపే ‘నశ్’ ధాతువు నుంచి ‘నష్టం’ రాగా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు 1948 వరకు ఉర్దూ అధికారభాషగా ఉన్న నిజాం రాజ్యంలో భాగం కావడంవల్ల, అరబ్బీ మూలం గల ‘ఖరాబు’, ‘నుక్సాను’ ఇక్కడి వాడుకలో స్థిరపడ్డాయి. సాగుకు పనికిరాని భూమిని తెలంగాణ రెవెన్యూ రికార్డులు నేటికీ ‘పోట్ ఖరాబ్’ అనే అంటాయి.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక వరిసీమగా మారిన ఈ ప్రాంతంలో, కల్లంలో ఆరబోసిన ధాన్యం వానకు తడిసి మొలకెత్తితే ‘వడ్లు ఖరాబైనయి’ అంటారు. తేమ 17 శాతం మించరాదని, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపి 5 శాతం దాటరాదని కొనుగోలు ప్రమాణాలు చెబుతున్నందున, ఆ ఒక్క మాటలోనే ధర పడిపోతుందన్న భయమూ ఇమిడి ఉంటుంది. 2024 సెప్టెంబరు తొలిరోజున నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండిపడి పొలాలు మునిగినప్పుడు వినిపించినది మాత్రం ‘పంట నష్టం’. ఎందుకంటే విపత్తు సహాయ నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్న పంటకే సాయం లెక్కిస్తారు.

ఈ విధంగా గింజకు ‘ఖరాబు’, లెక్కకు ‘నష్టం’ అమరగా, ‘సిగ్గుచేటు’, ‘పనిచేటు’, ‘ఆరోగ్యానికి చేటు’ అన్న వాడుకల్లో కొలతకు అందని హాని ‘చేటు’కు మిగిలింది. ‘నష్టపరిహారం’ ఉన్న భాషలో ‘చేటుపరిహారం’ అన్న మాట మాత్రం వినిపించదు.