మూసిన తలుపు, తెరిచిన దస్త్రం: 17వ శతాబ్ది నిజాంపట్నం వర్తక స్థావరాలలో సమాలోచనలు

ఐరోపా వర్తక పత్రాలలో పెట్టపోలి పేరుతో కనిపించే రేవు నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నమే. పొరుగున ఉన్న పెద్దపల్లి పేరు విదేశీయుల నోట ఆ రూపం పొందిందని గెజిటీరు వివరణ. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఈ రేవులో 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వర్తకానికి దిగారు. ఈ స్థావరాల చరిత్రను సాధారణంగా సరుకుల పద్దుల నుంచి, ఓడల రాకపోకల నుంచి రాస్తారు. ఈ వ్యాసం పరిశీలించేది మరొకటి: స్థావరంలో నలుగురైదుగురు తలుపు మూసుకొని చేసిన సమాలోచనలు, వాటిని తెలుసుకోవాలని వెలుపలివారు పడిన ఆరాటం.

ఇంగ్లీషువారి రాకకే ఈ ఆరాటంతో సంబంధం ఉంది. 1611లో ఇక్కడికి వచ్చిన ‘గ్లోబ్’ ఓడ యాత్రకు ఆలోచన అందించినవారు ఇంగ్లీషువారు కారు. అంతకుముందు డచ్చివారి పక్షాన ఈ తీరంలో పనిచేసిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్ అనే ఇద్దరు వర్తకులు తమ అనుభవాన్ని లండన్ కంపెనీ ముందు పెట్టారు. కోరమండల్ రేవులలో గుడ్డ కొని బాంతెన్, పటానీ, సయాం ప్రాంతాలలో అమ్మాలన్నదే వారి ప్రణాళిక. ఏ రేవులో ఏ రకం గుడ్డ దొరుకుతుందో, అది ఏ దీవిలో చెల్లుతుందో అన్న సమాచారం ఆనాడు వెండి కంటె విలువైన మూలధనం. ఫ్లోరిస్ అసలు పేరు వాన్ ఎల్బింక్ అని పరిశోధకులు గుర్తించారు. పేరు మార్పుకు కారణం పాత యజమానుల కన్నుగప్పడమే అయి ఉంటుందని ఊహించవచ్చు. పులికాట్‌లో డచ్చివారు అడ్డు చెప్పగా ఓడ ఉత్తరంగా సాగి పెట్టపోలికి, అక్కడి నుంచి మచిలీపట్నానికి చేరింది. ఒక కంపెనీ లోపలి మాట దాని పోటీదారుకు చేరిన తీరు ఇది. ఫ్లోరిస్ దినచర్య నేడు ఆనాటి ఇంగ్లీషు అనువాదంగా లభిస్తున్నది, డబ్ల్యు.హెచ్. మోర్లాండ్ సంపాదకత్వంలో 1934లో అది అచ్చయింది.

ఇక స్థావరం లోపలి సంగతి. ముఖ్యమైన నిర్ణయాలు ఒక్కడు తీసుకోరాదని, అధికారి తన తోటి వర్తకులతో కూడి ఆలోచించి, చర్చను పుస్తకానికి ఎక్కించి, అందరూ సంతకాలు చేయాలని కంపెనీ పద్ధతి. ఇంగ్లీషువారు వీటిని కన్సల్టేషన్లు అన్నారు, డచ్చివారు తీర్మానాలు అన్నారు. బటావియాలోని డచ్చి ప్రభుత్వం రహస్య తీర్మానాలకు వేరే గ్రంథాలే పెట్టుకొన్నది. 1676లోను, 1679లోను మద్రాసు నుంచి తీర స్థావరాల తనిఖీకి బయలుదేరిన స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ లెక్కలు, దస్త్రాలు క్రమంగా రాయించడంలో పట్టుదల గలవాడు. చర్చ ఊరివారికి మూతపడినదే అయినా, లండన్‌లోని యజమానులకు తెరిచి ఉండాలన్నది ఈ పట్టుదల వెనుక ఉన్న అవసరం.

ఈ అంశాన్ని మన పరిశోధకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. కన్సల్టేషన్ పుస్తకం గుట్టు దాచిన పెట్టె కాదు. దూరాన ఉన్న యజమాని చదువుతాడని తెలిసి రాసిన పత్రం. అందుచేత అందులో జాగ్రత్త ఎక్కువ. స్థావర వర్తకులు సొంత లాభానికి చేసుకొనే వ్యాపారం అందరికీ తెలిసిన రహస్యమే, కాని సంతకం పెట్టవలసిన పుటలో అది నేరుగా కనబడదు. కనబడినా, ఒకరిపై ఒకరు చేసుకొన్న ఆరోపణగానే కనబడుతుంది. 1682–83 నాటి మచిలీపట్నం కన్సల్టేషన్ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం 1916లో ప్రకటించింది. డచ్చి కంపెనీ 1799లో అంతమైన తరువాత మిగిలిన పత్రాలు నేడు హేగ్ నగరంలో ఎవరైనా చూడవచ్చు. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మూడు శతాబ్దాల క్రితం హవల్దారు కూడా అడిగి చూడలేని కాగితాన్ని నేటి విద్యార్థి అడిగి తెప్పించుకోగలడు. దాని అర్థం ఆ గది పూర్తిగా తెరుచుకొన్నదని కాదు.

ఆ గదిలో మాటలన్నీ ఎవరిని గురించి? చిరివేరు ఎరుపుతో అద్దకాలు చేసేవారి గురించి, నేతగాళ్ళకు ఇచ్చిన బయానాల గురించి, గడువుకు రాని గుడ్డల గురించి. పెట్టపోలి చిరివేరుకు సమకాలీన వర్ణనలలో మంచి పేరుంది. దాన్ని తవ్వినవారి పేరు మాత్రం పత్రాలలో లేదు. గది గుమ్మం దగ్గర నిలిచిన తెలుగువాడు దుబాసీ ఒక్కడే. హవల్దారు మాట లోపలికి, లోపలి మాట నేతగాళ్ళకు అతని నోటి మీదుగానే నడిచింది. రెండు వైపుల సంగతి తెలిసిన ఆ ఒక్కడి మాట మనకు ఇతరుల కలం నుంచే వస్తుంది. అతను తన వాళ్ళతో ఏం చెప్పాడో మనకు దక్కలేదు.

నేతగాళ్ళకూ తమ సమాలోచనలు ఉన్నాయి. కులపెద్దలు కూర్చుని బేరం తేల్చేవారు, కాదనుకొంటే మగ్గం మానేసి ఊరు విడిచేవారు. కంపెనీ దస్త్రంలో ఆ చర్చ ఉండదు; ‘నేతగాళ్ళు వెళ్ళిపోయారు’ అన్న ఫలితం ఉంటుంది. ఈసారి తలుపు బయట నిలబడి చెవి ఒగ్గినవాడు ఇంగ్లీషు వర్తకుడు. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు సేకరించిన గుంటూరు సీమ కైఫీయత్తులను తిరగేస్తే గ్రామాల పుట్టుక, దేవాలయాల మాన్యాలు, కరణాల మిరాశీలు దొరుకుతాయి. నేతగాళ్ళ కూటమి ఏ చెట్టు కింద ఏమనుకొన్నదో వాటిలోనూ వెతకవలసిందే.