గోడ నడుముపట్టీకి పేరేమి?

సికింద్రాబాదు గడియార స్తంభము ఎత్తు 120 అడుగులు. 1897వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన అది ప్రారంభింపబడినది. దారిని పోవువారు గడియారమును చూతురే గాని, గోడను చుట్టి ముందునకు పొడుచుకొని వచ్చిన అడ్డుపట్టీలను చూచువారు అరుదు. చూచినను వాని పేరు తెలియదు. తాపీమేస్త్రీ నడిగిన "కార్నీసు" అనును, కాదేని "బార్డరు" అనును. 1806లో సికందర్ జా పేర వెలసిన ఈ ఊరికి ఆంగ్లేయుల దండుతో వచ్చిన మాటలవి. "సజ్జా" హిందుస్తానీ నుండి వచ్చినది. కొత్త మాటలు వచ్చుటలో దోషము లేదు; ఉన్న మాటలు మరుగుపడుటయే నష్టము.

మన శిల్పశాస్త్రములు ప్రతి పట్టీకిని ఒక పేరిడినవి. గుడి పునాదిపై నేలనంటి యుండునది ఉపానము. దానిపై జగతి, కుముదము, కంఠము, పట్టిక. స్తంభములకు పైన నుండు భాగమంతయు ప్రస్తరము. అందులో ముందునకు వంగి చూరువలె నిలుచునది కపోతము. కపోతమనగా పావురము! వీథిబడిలో అమరము వల్లించినవారికి కపోతపాలిక, విటంకము అను పర్యాయపదములు గుర్తుండును. ఆ కపోతముపై చెక్కు చిన్న గవాక్షములకు నాసికలని పేరు; అరవ శిల్పులు వానిని "కూడు" అందురు. అది మన గూడే. పావురమునకు గూడు అమరినది. మేడమీద పిట్టగోడ యుండనే యున్నది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిలిపిన రామప్పగుడి చుట్టును సాగు ఏనుగుల వరుస కూడ ఇట్టి అడ్డుపట్టీయే.

ఈ పేర్లను లోకమునకు తెలిపినవాడు బెంగుళూరులో న్యాయాధికారిగా నుండిన రామరాజ్. మానసారాది గ్రంథముల తాళపత్రములు సేకరించి, శిల్పుల నడిగి, మన పట్టీలను యవన రోమక శిల్పములతో సరిపోల్చెను. ఆయన గతించిన పిమ్మట 1834లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు ఆ గ్రంథమును ముద్రించిరి. అట్టి కృషి తెలుగున ముందే జరుగకుండుట విచారకరము.

పేరుతో పనియేమి యందురా? అంచనా కాగితమున పేరు లేని పనికి పైకము పుట్టదు. పాత గారపని మేడలకు మరమ్మతు వచ్చినపుడు మొదట చెక్కివేయబడునది ఈ పట్టీయే. అది వట్టి సింగారము కాదు. వాననీటిని గోడకు దూరముగా జార్చుటకే దాని అంచు ముందునకు వచ్చును. అంచు క్రింద సన్నని గాడి తీయుదురు. ఆ గాడిని సిమెంటుతో పూడ్చినచో నీరు వెనుకకు ప్రాకి గోడను తడుపును, సున్నము పెచ్చులూడును.