విద్వద్గద్వాల నుంచి పెన్షనర్ల గది దాకా

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాయమని సంపాదక మిత్రులు అడిగారు. బెత్తం దెబ్బలు, వేపచెట్టు, గంట కొట్టే అటెండర్ తాత గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. జీవితమంతా సోషల్ పాఠం చెప్పినవాణ్ని కాబట్టి నేను కొంచెం చరిత్ర రాస్తాను. బడి విడిచిన తర్వాత మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పెద్దలు ఎక్కడ, ఎట్లా చదువుకున్నారన్నది నా విషయం.

ఈ ఆలోచన రావడానికి కారణం ఉంది. రెండేళ్లుగా మేము కొందరం రిటైరైనవాళ్లం నెలకొక శనివారం పెన్షనర్ల గదిలో కూర్చుంటున్నాం. ఒకరు గంటసేపు మాట్లాడతారు, మిగతావాళ్లం అడుగుతాం. ఒకసారి కాంపౌండర్‌గా చేసినాయన బీపీ మాత్రల గురించి చెప్పాడు. ఇంకోసారి ఆర్టీసీ డ్రైవర్ నల్లమలలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపుల గురించి చెప్పాడు. "ఈ వయసులో పాఠాలేంది సార్, పరీక్ష రాస్తారా?" అని మా వీధి కుర్రవాడు అడిగితే అందరం నవ్వాం. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

నిజానికి ఇది మన ఊళ్లకు కొత్త కాదు. గద్వాలను విద్వద్గద్వాల అన్నారంటే ఊరికే అనలేదు. సంస్థాన కాలంలో ఏటా కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ పండిత సభలు జరిగేవి. దూరదూరాల నుంచి కవులు, శాస్త్రజ్ఞులు వచ్చి, వాదించి, వార్షికాలు పుచ్చుకొని పోయేవారు. పద్దెనిమిదో శతాబ్దిలో చినసోమభూపాలుడి కొలువులో ఎనిమిది మంది కవులుండేవారని ప్రతీతి. తిరుపతి వేంకట కవులు గద్వాలకూ వచ్చారు, వనపర్తికీ వచ్చారు. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలికితెచ్చిన మానవల్లి రామకృష్ణకవి కొంతకాలం వనపర్తి సంస్థానంలో ఉన్నారు. కొల్లాపురం వైపు జటప్రోలు సురభి వంశంలో రాజులే కవులు. 'చంద్రికా పరిణయం' రాసిన మాధవరాయలు ఆ వంశంవాడే.

ఆ సభల్లో ఎవరూ చిన్నపిల్లలు కాదు, తల నెరసినవాళ్లే ఎక్కువ. వాళ్లు కూడా ఏడాదంతా చదివి సిద్ధమై రావలసిందే, లేకుంటే నిండు సభలో పరువు పోతుంది. అయితే ఒక మాట దాచకూడదు. అక్కడ ఆడవాళ్లకు, మగ్గం నేసేవాళ్లకు, చెలక దున్నేవాళ్లకు చోటు లేదు. వాళ్లకు దొరికింది గుడి అరుగు మీది పురాణ కాలక్షేపం, రాత్రిపూట యక్షగానం, భజన. అక్షరం రాకున్నా భారతం కథంతా నోటికి వచ్చిన ముసలమ్మలను మనమందరం చూసినవాళ్లమే.

సంస్థాన సభకూ సామాన్యుడికీ మధ్య ఉన్న గోడను పత్రికలు, గ్రంథాలయాలు కొంత పగులగొట్టాయి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో మొదలైంది. మన గద్వాల ప్రాంతం బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ సంచిక తిరగేస్తే మన పక్క ఊళ్ల పేర్లు కనిపిస్తాయి. నాకు మాత్రం అవి రిటైరయ్యాకే కనిపించాయి. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి ఆ పుస్తకం తెరవనందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అంతకంటే పెద్ద సిగ్గు మా ఇంట్లోనే ఉంది. 1991 జనాభా లెక్కల్లో మన పాలమూరు జిల్లా అక్షరాస్యత ముప్పై శాతం కూడా దాటలేదు. ఆ లెక్కలకు ఇంటింటికీ తిరిగిన టీచర్లలో నేనూ ఒకణ్ని. మా ఇంటి వివరాలు రాసేటప్పుడు మా అమ్మ పేరు దగ్గర "నిరక్షరాస్యురాలు" అని నా చేత్తోనే రాశాను. పగలు నలభై మందికి పాఠం చెప్పేవాణ్ని, సాయంత్రం అమ్మకు ఒక్క అక్షరం చెప్పలేదు. ఆ తర్వాత సాక్షరతా కార్యక్రమం వచ్చినప్పుడు, మా వీధి వయోజన విద్యా కేంద్రంలో, టెన్త్ తప్పిన ఒక పిల్ల చెబితే మా అమ్మ అరవై ఏళ్ల వయసులో పేరు రాయడం నేర్చుకుంది. బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టిన రోజు స్టాంపు ప్యాడ్‌ను చేత్తో పక్కకు జరిపింది. ఏమీ అనలేదు. నావైపు కూడా చూడలేదు.

నాగర్‌కర్నూల్ అనగానే నాకు కపిలవాయి లింగమూర్తి గారు గుర్తొస్తారు. పాలెం ఓరియంటల్ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన తర్వాత కూడా జిల్లా గుళ్లు, శాసనాలు, ఊళ్ల పేర్లు వెతుకుతూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. 2018లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. పెన్షన్ అంటే ఇక పని అయిపోయినట్టే అనుకునేవాళ్లు ఆయన పుస్తకాల వరుస ఒకసారి చూడాలి.

బయటి దేశాల్లో ఈ పనికి పేరు కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 1973లో 'మూడో వయసు విశ్వవిద్యాలయం' మొదలుపెట్టారు. అక్కడ ప్రొఫెసర్లు వచ్చి చెబుతారు. తర్వాత ఇంగ్లండువాళ్లు దాన్ని మార్చుకొని, సభ్యులే ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి పెట్టారు. పరీక్ష లేదు, పట్టా లేదు. మా శనివారాలు తెలియకుండానే ఆ రెండో దారిలో నడుస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిన మాలాంటివాళ్లకు ఆ గంట కోసం నెలంతా ఎదురుచూపే. మొన్న భార్య పోయిన ఒక మిత్రుడు పదిహేనో రోజునే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. మాట్లాడలేదు, చివరిదాకా ఉన్నాడు.

ఇప్పుడు పెన్షనర్ల గది ఖాళీ చేయమంటున్నారు, భవనం పాతబడిందట. మన బడిలో శనివారం సాయంత్రాలు ఏదో ఒక గది ఖాళీగానే ఉంటుంది. సంఘం పెద్దలు హెడ్‌మాస్టర్ గారితో ఒక మాట మాట్లాడితే చాలు, ఊడ్చుకోవడం, తాళం వేసుకోవడం మేమే చూసుకుంటాం. వచ్చే పాఠం గద్వాల చీర మీద. నూలు చీరకు పట్టు అంచు, కొంగు ఎట్లా కలుపుతారో మన పాత విద్యార్థే చెబుతానన్నాడు. ఐదో తరగతిలో బడి మాని మగ్గమెక్కినవాడు. బొమ్మ గీయకుంటే అర్థం కాదట, బోర్డు కావాలన్నాడు. సుద్దముక్కలు నేను తెస్తాను.