నాయన మగ్గం మీది అట్టలు

ఇంకో రెండు కట్టెలు ఎయ్యి బిడ్డా, చలి పెరిగింది. ఇంత మనిషి అంత చిన్న కణంల ఎట్ల ఇముడుతడని అడిగినవ్ గదా, చెప్త ఇను.

నేను సైన్సు పంతులుగ చేరిన కొత్తల, మనిషికి లక్ష జన్యువులుంటయని చెప్పేటోన్ని. పుస్తకంల అట్లనే ఉండె. ఇంత మెదడు, ఇంత మాట, లక్షన్న ఉండొద్దా అనిపించేది. 2001ల లెక్క బయటికొచ్చింది, ముప్పై నలభై వేల నడుమనట. తర్వాత ఇంకా దిగి ఇరవై వేల కాడికొచ్చింది. మట్టిల బతికే ఒక పురుగు, మిల్లీమీటరు పొడుగుంటది, గుడ్లు, వీర్యం కట్టే కణాల్ని పక్కకు పెడితే ఒళ్లంత కలిపి 959 కణాలు, దానికీ దాదాపు ఇరవై వేలే. ఉల్లిగడ్డల డీఎన్ఏ అయితే మనకన్న ఐదింతలు. ఎన్ని రాత్రులు దీని గురించే ఆలోచించిన్నో.

ఆఖరికి మా నాయన మగ్గం యాదికొచ్చింది. గద్వాల చీరలు నేసేటోడు. అంచు కోసం మగ్గం మీదుండే జకార్డు యంత్రానికి చిల్లుల అట్టలు దండలెక్క కట్టి తగిలిస్తరు. ఏ పోగు లేవాల్నో ఒక్కో అట్ట చెప్తది. దండ తిరిగి మొదటికొస్తది, హంస మళ్ల లేస్తది. కొన్ని అట్టలతోనే చీర పొడుగంత అంచు. అట్టల్ని ఎంత తిప్పి చూసినా హంస మాత్రం కనబడదు.

జన్యువులు గూడ ఆ అట్టలసొంటివే. కంటి కణంల, కాలేయం కణంల ఉండేది ఒకటే కట్ట. ఏది ఎక్కడ తెరవాలె, ఎప్పుడు మూయాలె, తేడా అంత గక్కడనే.

1995ల స్విట్జర్లాండు బాసెల్‌ల వాల్టర్ గెహ్రింగ్ అనే ఆయన, ఆయన శిష్యులు ఒక పని చేసిన్రు. ఎలుకకు కన్ను మొదలుపెట్టే జన్యువును పండ్ల మీద వాలే చిన్న ఈగ కాలుల పనిచేయించిన్రు. కాలు మీద కన్ను మొలిచింది! ఎవరి కన్ననుకున్నవ్? ఈగదే, సన్నసన్న అద్దాలు పేర్చినట్టుండే కన్ను. కన్ను కట్టమన్నంత వరకే ఎలుక జన్యువు మాట. కట్టుడు ఈగ ఒంటి పని. ఇది చదివిన దినం బడిల పాఠం పక్కకు పెట్టి పిల్లలకు ఇదే చెప్పిన.

మగ్గానికి నాయన ఉన్నడు గని, కడుపుల నేసేటోడు లేడు. పక్క కణం పంపిన కబురును బట్టి ఈ కణం మసలుకుంటది. మొదట చెయ్యి తెడ్డులెక్క ఉంటది. ఏదీ, నీ చెయ్యి మంట ముందర చాపు. వేళ్ల సందుల నుంచి ఎలుగొస్తున్నది చూడు. ఆడుండే కణాలు నువ్వు పుట్టకముందే చచ్చిపోయి దారిచ్చినయి.